ప్రతిసారీ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారు: ఇంజిన్ పాడవకుండా ఏం చేయాలి?

పొద్దున పిల్లల్ని బడి దగ్గర దించడం, మధ్యాహ్నం మందుల షాపు, సాయంత్రం రైతుబజారు, రాత్రి ట్యూషన్ నుంచి మళ్లీ పిల్లల్ని తీసుకురావడం. చాలా ఇళ్లలో కారుకు ఉండే పని ఇంతే. ఏడాది తిరిగినా మీటరు మీద నాలుగైదు వేల కిలోమీటర్లు దాటవు. "మా బండి తిరిగిందే లేదు, ఇంజిన్ కొత్తదే" అని ధీమాగా ఉంటాం. కానీ ఇంజిన్‌కు బాగా కష్టమైన వాడకాల్లో ఇదొకటి. హైదరాబాద్ నుంచి వైజాగ్ దాకా ఒకే పరుగున ఆరు వందల పైచిలుకు కిలోమీటర్లు వెళ్లిన కారు కంటే, అంతే దూరాన్ని రెండేసి కిలోమీటర్ల ముక్కలుగా తిరిగిన కారు ఇంజిన్ ఎక్కువ అరుగుతుంది.

కారణం దూరం కాదు, వేడి. ఇంజిన్ సరిగ్గా వేడెక్కకముందే మనం తాళం తిప్పి ఆపేస్తున్నాం. మీ ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కుతోందా లేదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. కింద చెప్పే పనులన్నీ దాని చుట్టూ తిరిగేవే.

ముందు, లోపల ఏం జరుగుతోందో తెలుసుకుందాం

చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరవ్వదు. అందుకే స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో కారులోని కంప్యూటర్ మామూలు కంటే ఎక్కువ పెట్రోలు పంపిస్తుంది. అదంతా కాలదు. కొంత సిలిండర్ గోడలకు అంటుకుని, అక్కడ రక్షణగా ఉన్న ఆయిల్ పొరను కడిగేస్తూ, పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే (డైరెక్ట్ ఇంజెక్షన్) టర్బో పెట్రోలు ఇంజిన్లలో ఈ సమస్య ఇంకా ఎక్కువ. బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ ఆవిరవ్వడానికి పెట్రోలు కంటే ఎక్కువ వేడి కావాలి. కాబట్టి చల్లటి ఇంజిన్‌కు ఇది మరో భారం.

రెండోది నీరు. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా బయటికి పోతుంది, కొద్ది భాగం మాత్రం పిస్టన్ పక్క నుంచి కింద ఆయిల్ ఛాంబర్‌లోకి దిగుతుంది. ఇంజిన్ వేడిగా ఉంటే ఈ ఆవిరి అక్కడ నిలవదు. వెంటిలేషన్ పైపు దాన్ని తిరిగి ఇంజిన్‌లోకి లాగి, ఎగ్జాస్టుతో కలిపి పంపేస్తుంది. ఇంజిన్ చల్లగా ఉంటే మాత్రం, వేడన్నం మీద మూత పెడితే మూత అడుగున నీళ్లు పట్టినట్టు, ఆ ఆవిరి లోహానికి తగిలి నీటి చుక్కలై ఆయిల్‌లో పడుతుంది. నీరు, కాలని పెట్రోలు, మసి కలిసి మెల్లగా ఆమ్లాలుగా, జిడ్డు మడ్డిగా మారతాయి. ఆయిల్‌లో ఆ ఆమ్లాలను విరిచే పదార్థాలు ఉంటాయి కానీ, అవి కొద్ది కొద్దిగా ఖర్చయిపోతాయి. కిలోమీటర్లు తిరగకపోయినా ఆయిల్ ముసలిదైపోవడం అంటే ఇదే.

సైలెన్సర్‌లోనూ ఇదే తంతు. బాగా వేడెక్కితే లోపలి నీళ్లు ఆవిరై పోతాయి. లేకపోతే అక్కడే నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్ చివర నీటి చుక్కలు కనబడితే కంగారు పడక్కర్లేదు, అది మామూలే. ఆ చుక్కలు ఆరిపోయేంత సేపు బండి ఏ రోజూ నడవకపోవడమే సమస్య.

టెంపరేచర్ ముల్లు చెప్పేది సగమే

చాలామంది పొరబడేది ఇక్కడే. డ్యాష్‌బోర్డు మీద ముల్లు మధ్యకు రాగానే ఇంజిన్ వేడెక్కిందనుకుంటాం. ఆ ముల్లు చూపించేది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడిని, ఆయిల్ వేడిని కాదు. చాలా చిన్న కార్లలో ఇప్పుడు ముల్లు కూడా లేదు, చల్లగా ఉన్నప్పుడు వెలిగే నీలం లైటు ఒక్కటే ఉంటుంది. ఆ లైటు ఆరిందంటే కూలెంట్ మరీ చల్లగా లేదని మాత్రమే అర్థం.

కూలెంట్ నాలుగైదు నిమిషాల్లో వేడెక్కినా, ఆయిల్‌కు దాదాపు దానికి రెట్టింపు సమయమో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఆయిల్ పూర్తిగా వేడెక్కి అందులోని తేమ ఆవిరవ్వడం మొదలవ్వాలంటే మన ఎండల్లో కూడా పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా నడపాలి. బడి దాకా రెండు కిలోమీటర్లు వెళ్లి వచ్చేసరికి నీలం లైటు ఆరి ఉంటుంది, ఆయిల్ ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది.

మొదటి పని: మీ బండి ఏ రకం వాడకంలో ఉందో తేల్చుకోండి

ఒక వారం పాటు ఫోనులో రాసుకోండి. ప్రతిసారీ స్టార్ట్ చేశాక ఎన్ని నిమిషాలకు ఆపారు, ఎంతసేపటి తర్వాత మళ్లీ స్టార్ట్ చేశారు. కిలోమీటర్లు రాయక్కర్లేదు, నిమిషాలే ముఖ్యం. ఇంజిన్ వేడి ఒక్కసారిగా పోదు. ఐదు నిమిషాలు నడిపి, పది నిమిషాలు కూరగాయలు కొని, మళ్లీ ఐదు నిమిషాలు నడిపితే అది దాదాపు ఒకే ప్రయాణం కింద లెక్క. ఐదు నిమిషాలు నడిపి, నాలుగు గంటలు పార్కింగ్‌లో ఉంచి, మళ్లీ ఐదు నిమిషాలు నడిపితే అవి రెండు చల్లటి స్టార్టులు.

వారం చివర చూసుకుంటే ఎక్కువ ప్రయాణాలు పది నిమిషాల లోపే ఉన్నాయా? అయితే కారు ఓనర్ మాన్యువల్ తీసి మెయింటెనెన్స్ పేజీలు చూడండి. చాలావాటిలో మామూలు వాడకానికి ఒక పట్టిక, కఠినమైన వాడకానికి ఇంకో పట్టిక ఉంటాయి. హ్యుందాయ్, కియా మాన్యువల్స్‌లో మామూలు వాతావరణంలో 8 కిలోమీటర్ల లోపు, గడ్డకట్టే చలిలో 16 కిలోమీటర్ల లోపు ప్రయాణాలు పదే పదే చేయడాన్ని కఠినమైన వాడకం కింద రాశారు. గతుకుల రోడ్లు, దుమ్ముతో పాటు ఇదీ ఆ జాబితాలోనే ఉంటుంది. చాలామంది ఆ పేజీ దాకా వెళ్లరు, సర్వీస్ సెంటర్‌లోనూ ఎవరూ చెప్పరు.

అమీర్‌పేట ట్రాఫిక్‌లో మూడు కిలోమీటర్లకు అరగంట పట్టే బండి సంగతి వేరు. దూరం తక్కువే కానీ ఇంజిన్ వేడెక్కుతుంది. దానికి ఉండే కష్టాలు దానికి ఉన్నాయి గానీ, ఆయిల్‌లో తేమ చేరడం వాటిలో లేదు.

రెండో పని: బానెట్ ఎత్తి కళ్లారా చూడండి

దీనికి మెకానిక్ అవసరం లేదు. పొద్దున, బండి సమంగా ఉన్న నేల మీద ఉండగా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తండి. ఇంజిన్ పైన ఆయిల్ పోసే మూత ఉంటుంది. దాన్ని తిప్పి తీసి లోపలి వైపు చూడండి. పల్చటి ఆయిల్ పొర, లేత గోధుమ రంగో ముదురు గోధుమ రంగో ఉంటే మంచిది. వేలు పెడితే పాలమీగడలా, లేత పసుపు రంగులో నురగలాంటి జిడ్డు అంటుకుంటే, తేమ బయటికి పోవడం లేదని అర్థం. చలికాలంలో, చిన్న ప్రయాణాల బండ్లలో ఇది తరచూ కనబడుతుంది.

ఇప్పుడు డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం కొలిచే పొడవాటి కడ్డీ తీయండి. పాత గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసి చూడండి. మూడు విషయాలు గమనించాలి. మూత దగ్గర కనబడిన మీగడ డిప్‌స్టిక్ మీద కూడా ఉందా? ఆయిల్ ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన కొడుతోందా? ఆయిల్ మట్టం పై గీత దాటిందా? మూడోది చాలామందికి వింతగా ఉంటుంది. ఆయిల్ తగ్గితే భయపడతాం గానీ, పెరిగితే సంతోషిస్తాం. ఎవరూ పోయకుండా ఆయిల్ పెరిగిందంటే అందులో పెట్రోలో డీజిలో కలుస్తోంది. పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

మూత కింద మాత్రమే కొద్దిగా మీగడ ఉండి, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే టెన్షన్ వద్దు. ఒకటి రెండు దూర ప్రయాణాలతో అది పోతుంది. కానీ కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతూ ఉండి, డిప్‌స్టిక్ మీద కూడా పాలలాంటి ఆయిల్ ఉండి, వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకపోతే అది చిన్న ప్రయాణాల వల్ల కాదు. ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు (హెడ్ గాస్కెట్) పోయి ఉండొచ్చు. అలాంటప్పుడు బండి నడపకుండా వర్క్‌షాప్‌కు లాగించుకెళ్లడం మేలు.

మూడో పని: ఆయిల్ మార్చడానికి క్యాలెండర్ చూడండి

నా దృష్టిలో వీటన్నిటిలోకీ ముఖ్యమైంది ఇదే. మన దేశంలో చాలా కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అప్పుడు ఆయిల్ మార్చమంటారు. మనకు మొదటి అంకె మాత్రమే గుర్తుంటుంది. "ఇంకా నాలుగు వేలే కదా తిరిగింది" అని రెండేళ్లు లాగేవాళ్లున్నారు. రోజూ పది నిమిషాల లోపు తిరిగే బండికి ఏడాది కూడా ఎక్కువే. ఆరు నెలలకోసారి ఆయిల్, దాంతో పాటు ఆయిల్ ఫిల్టర్ మార్చండి. ఇంజిన్ బోరుకు వస్తే అయ్యే ఖర్చు ముందు ఈ ఖర్చు ఒక లెక్కలోది కాదు.

ఆయిల్ గ్రేడు మాన్యువల్‌లో ఉన్నదే పోయించండి. 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 అని రాసి ఉంటుంది కదా, అందులో డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ స్టార్ట్ చేయగానే ఆయిల్ పైదాకా తొందరగా చేరుతుంది. చిన్న ప్రయాణాల బండికి ఇది చాలా అవసరం. "మన ఎండలకు చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజిన్ మెత్తగా ఉంటుంది" అని ఎవరైనా 20డబ్ల్యూ-50 పోస్తానంటే ఒప్పుకోకండి. పల్చటి ఆయిల్ కోసం తయారైన ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ పోస్తే, స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లోనే అరుగుదల పెరుగుతుంది. షాపులో అమ్మే సీసాల మందులు ఆయిల్‌లో కలపాల్సిన పని కూడా లేదు. సమయానికి మార్చిన మంచి ఆయిల్ చాలు.

బండి వారంటీలో ఉంటే మధ్యలో మార్పించిన ఆయిల్‌కు కూడా బిల్లు, జాబ్ కార్డు దాచుకోండి.

నాలుగో పని: స్టార్ట్ చేసే పద్ధతి మార్చుకోండి

పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, ఐదు పది నిమిషాలు అలాగే వదిలేసి, ఇంట్లోకి వెళ్లి కాఫీ తాగి వచ్చే అలవాటు చాలామందికి ఉంది. పాత కార్బురేటర్ బండ్ల కాలంలో దానికి అర్థముండేది. ఇప్పటి ఇంజిన్లకు అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఖాళీగా తిరిగే ఇంజిన్ చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది, ఆ సమయమంతా ఎక్కువ పెట్రోలు లోపలికి పోతూనే ఉంటుంది. స్టార్ట్ చేసి, సీటు బెల్టు పెట్టుకుని, అద్దాలు చూసుకునేంత సేపు ఆగితే చాలు. తర్వాత నెమ్మదిగా బయల్దేరండి. మొదటి ఐదారు నిమిషాలు ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) 2,000 నుంచి 2,500 దాటకుండా, ఎక్సలేటర్ గట్టిగా తొక్కకుండా నడపండి. స్టార్ట్ చేయగానే రేస్ చేయడం అసలు వద్దు, అప్పటికి ఆయిల్ అన్ని చోట్లకూ చేరి ఉండదు.

2020 లాక్‌డౌన్‌లో ఇంకో అలవాటు మొదలైంది. రోజూ కిందికి దిగి ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపేయడం. చాలా ఇళ్లలో ఇప్పటికీ అదే సాగుతోంది. దానివల్ల లోపల ఐదు నిమిషాల నీరు, ఐదు నిమిషాల పెట్రోలు చేరతాయి తప్ప ఏదీ ఆరదు. వాడని బండిని రోజూ ఐదు నిమిషాలు తిప్పడం కంటే వారానికోసారి అరగంట నడపడం ఎంతో నయం.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఇంకో మాట. వెనక బండికి దారి ఇవ్వడానికో, కడగడానికో కారును పది అడుగులు జరిపి ఆపేస్తుంటాం. ఇంజిన్‌కు ఇంతకంటే చెడ్డ ప్రయాణం లేదు. వీలైతే బయటికి వెళ్లే సమయానికే ఆ పని కలిసొచ్చేలా చూసుకోండి. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటే, రోజుకు ఎన్నిసార్లు జరుపుతున్నాడో ఒకసారి అడగండి.

ఐదో పని: పనులు కలిపి చేయండి, దూరానికి ముందు వెళ్లండి

మూడు పనులకు మూడుసార్లు తీసే బదులు ఒకేసారి తీయడం అందరూ చెప్పేదే. దానికి తోడు వరుస కూడా ముఖ్యం. ముందు అన్నిటికంటే దూరంగా ఉన్న చోటికి వెళ్లండి, తిరిగొస్తూ దగ్గరివి చూసుకోండి. మొదటి విడతలోనే ఇంజిన్ వేడెక్కుతుంది, తర్వాత ఆగిన ప్రతిచోటా మళ్లీ స్టార్ట్ చేసేది వేడి ఇంజిన్‌నే. వీధి చివరి షాపుకైతే నడిచి వెళ్లడమే బండికీ మనకూ మంచిది.

ఆరో పని: వారానికోసారి దారి పట్టించండి

వారంలో ఒక రోజు ముప్పై నలభై నిమిషాలు ఆగకుండా, గంటకు 60 నుంచి 80 కిలోమీటర్ల వేగంతో నడపండి. మొదటి ఇరవై నిమిషాలు ఆయిల్ వేడెక్కడానికే సరిపోతాయి. తేమ, పెట్రోలు ఆవిరై పోయేది ఆ తర్వాతి నిమిషాల్లోనే. అందుకే పదిహేను నిమిషాలకే వెనక్కి తిరిగి వచ్చేయకండి. స్పార్క్ ప్లగ్గుల కొన దాదాపు 450 డిగ్రీలు దాటితేనే దాని మీది మసి దానంతటదే కాలిపోతుంది. ఆ వేడి కూడా ఇలాంటి నడకలోనే అందుతుంది.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఉంది, విజయవాడ వాళ్లకు గుంటూరు వెళ్లే హైవే, వైజాగ్ వాళ్లకు భీమిలి బీచ్ రోడ్డు. ఆదివారం పొద్దున గుడికో, ఊళ్లో అమ్మమ్మ గారింటికో వెళ్లే పని పెట్టుకుంటే దీనికోసం విడిగా తిరిగినట్టు ఉండదు. బండిని తరమాల్సిన పని లేదు. ఒకే వేగంతో సాగాలి, అంతే.

బ్యాటరీ సంగతి

సెల్ఫ్ మోటారు ఒకటి రెండు క్షణాలే తిరిగినా, ఆ కాస్త సేపు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. దాన్ని ఇంజిన్‌తో పాటు తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ కొద్ది నిమిషాల్లోనే పూడ్చగలదు. కానీ మీ ప్రయాణం మూడు నిమిషాలు, ఏసీ బ్లోయరు ఫుల్లు, హెడ్‌లైట్లు ఆన్, పైగా పార్కింగ్‌లో రోజంతా డ్యాష్‌క్యామ్, జీపీఎస్, అలారం మెల్లగా కరెంటు తాగుతూ ఉంటాయి. రాబడి కంటే ఖర్చు ఎక్కువవుతుంది. సగం చార్జింగ్‌తో ఎక్కువ రోజులున్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, దాని ఆయుష్షే తగ్గిపోతుంది.

చిన్న మల్టీమీటర్ ఉంటే రాత్రంతా ఆపి ఉంచిన బండి బ్యాటరీని పొద్దున కొలవండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. తరచూ సగం దగ్గరే ఉంటే నెలకోసారి ఇంట్లో చార్జర్ పెట్టడమో, వారం నడక పెంచడమో చేయాలి.

డీజిల్ కారైతే ఇది తప్పక చదవండి

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లలో డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ పెడుతున్నారు. పొగలోని మసిని అది పట్టి ఉంచుతుంది. నిండేకొద్దీ ఆ మసిని లోపలే కాల్చేయాలి, దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి కోసం ఇంజిన్ అదనంగా డీజిల్ పంపిస్తుంది. ఈ పని పూర్తవ్వాలంటే బండి పది ఇరవై నిమిషాలు ఆగకుండా సాగాలి. మధ్యలో ఆపేస్తే మసి సగంలో మిగిలిపోతుంది. చాలా ఇంజిన్లలో అదనంగా పోసిన డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. ఇలా పదే పదే జరిగితే డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంది, డీపీఎఫ్ లైటు వెలుగుతుంది, చివరికి పికప్ పడిపోతుంది.

ఆగి ఉన్నప్పుడు ఆర్‌పీఎం మామూలు కంటే కొంచెం ఎక్కువగా ఉండడం, ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరగడం, వేడి వాసన రావడం కనబడితే లోపల ఆ మసి కాలుతూ ఉండొచ్చు. ఇంకో పావుగంట నడిపి ఆపండి. ఆ సమయంలో ఎండుగడ్డి, వరిగడ్డి మీద బండి ఆపకండి, కింద ఎగ్జాస్టు మండిపోతూ ఉంటుంది. డీపీఎఫ్ లైటు వెలిగితే మాన్యువల్‌లో చెప్పిన వేగంతో హైవే మీద నడపండి. మామూలుగా 60 పైన, పదిహేను ఇరవై నిమిషాలు. లైటు మినుకు మినుకుమంటున్నా, పికప్ తగ్గినా నేరుగా వర్క్‌షాప్‌కే వెళ్లాలి, అక్కడ యంత్రం పెట్టి కాలుస్తారు. ఈ బండ్లకు తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే పోయాలి, ఎందుకంటే మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

రోజూ మూడు కిలోమీటర్లే తిరిగేవాళ్లు మైలేజ్ చూసి డీజిల్ కొనొద్దని నేను గట్టిగా చెబుతాను. మామూలు పెట్రోలు సరిపోతుంది. ఇంట్లో చార్జింగ్ వీలుంటే, ఈ వాడకానికి ఎలక్ట్రిక్ కారు చక్కగా అమరుతుంది.

సీఎన్‌జీ కార్లలో చాలావరకు పెట్రోలుతో స్టార్ట్ అయ్యి, వేడెక్కాకే గ్యాస్‌కు మారతాయి. ప్రయాణం మూడు నిమిషాలే అయితే అది పెట్రోలు మీదే మొదలై పెట్రోలు మీదే ముగుస్తుంది. పెట్రోలు ఖర్చు పెరిగిందేమిటని వెతుక్కునే ముందు ఇది గుర్తుంచుకోండి.

చలి దేశాల్లో ఉన్న మనవాళ్లకు

చికాగో, మినియాపొలిస్, టొరంటో లాంటి చోట్ల సున్నా కంటే పది ఇరవై డిగ్రీలు తక్కువుండే పొద్దుల్లో పైన చెప్పిన సమస్యలన్నీ ఎన్నో రెట్లు పెరుగుతాయి. ఆయిల్ గట్టిపడుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది, మీగడ మామూలైపోతుంది. మాన్యువల్ ఒప్పుకుంటే 0డబ్ల్యూ ఆయిల్ వాడండి. బయట పార్క్ చేసేవాళ్లు ఇంజిన్‌ను కరెంటుతో వేడి చేసే బ్లాక్ హీటర్ పెట్టించుకుంటే ఇంజిన్ గోరువెచ్చగా స్టార్ట్ అవుతుంది. రిమోట్ స్టార్ట్‌తో అరగంట ఆన్ చేసి ఉంచడం కంటే అద్దాల మీద మంచు గీకేంత సేపు చాలు. వారాంతపు దూర ప్రయాణం అక్కడ గంటకు తగ్గకుండా చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు

"ఒకే ఓనర్, డాక్టర్ గారు వాడిన బండి, ఎనిమిదేళ్లలో ఇరవై వేలే తిరిగింది" అని చెబితే వెంటనే బయానా ఇచ్చేయకండి. ఇల్లు, క్లినిక్ మధ్య రెండు కిలోమీటర్లు తిరిగిన బండి అయ్యుండొచ్చు. కిలోమీటర్ల కంటే ముందు సర్వీస్ రికార్డు అడగండి, ఆయిల్ ఏ తేదీల్లో మార్చారో చూడండి. ఆయిల్ మూత తీసి, ఫోను లైటు వేసి లోపలికి చూడండి. నల్లటి మడ్డి పేరుకుని ఉంటే బేరం ఆడడం కాదు, ఆ బండి వదిలేయడమే మంచిది. ముందుగానే ఇంజిన్ వేడి చేసి ఉంచొద్దని చెప్పి వెళ్లండి. మీరు వెళ్లేసరికి బానెట్ చల్లగా ఉండాలి, మొదటి స్టార్ట్ మీ కళ్ల ముందే జరగాలి. ఇంజిన్ పైన వచ్చే టకటక శబ్దం (టప్పెట్ల చప్పుడు) ఎంతసేపటికి తగ్గుతుందో, పొగ ఏ రంగులో వస్తుందో చెవి, కన్ను పెట్టి గమనించండి. ఆ తర్వాత కనీసం అరగంట నడిపి చూసి, ఇంజిన్ ఆపి పది నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ మళ్లీ తీసి చూడండి.